మీకు తెలుసా? బురద నేల మీద లేచిన రాతి గుళ్ళు

బందరు నోబుల్ కాలేజీకీ ఇంగ్లండులోని డర్హం కేథడ్రల్‌కీ దూరపు చుట్టరికం ఉందని మీకు తెలుసా?

1841లో చర్చ్ మిషనరీ సొసైటీ పంపగా ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు ఓడ దిగి బందరు చేరారు. ఒకాయన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. కాలేజీ పుణ్యమా అని ఈయన పేరు జిల్లా అంతా తెలుసు. రెండో ఆయన హెన్రీ వాట్సన్ ఫాక్స్. పాత సంగతులు తవ్వుకునేవాళ్ళకు తప్ప ఈయన పేరు ఇప్పుడు బందరులోనే ఎవరికీ పట్టదు. ఇద్దరూ పని పంచుకున్నారు. నోబుల్ బడి పెట్టి ఇంగ్లీషు చదువు చెప్పాలి. ఫాక్స్ తెలుగు నేర్చుకుని ఊళ్ళు తిరగాలి.

ఫాక్స్ 1817లో ఉత్తర ఇంగ్లండులో పుట్టాడు. చిన్నప్పటి చదువు డర్హం గ్రామర్ స్కూల్లో. ఆ రోజుల్లో ఆ బడి కేథడ్రల్ ఎదుట పేలెస్ గ్రీన్ అనే పచ్చిక బయలు పక్కనే ఉండేది. అంటే ఆ కుర్రాడు రోజూ బడికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, అప్పటికే ఏడు వందల ఏళ్ళు దాటిన ఆ రాతి కట్టడం నీడలోనే నడిచాడన్నమాట. తర్వాత రగ్బీ స్కూలు, ఆ పైన ఆక్స్‌ఫర్డ్, ఆ పైన ఏకంగా మన బందరు. ఒంట్లో బాగాలేక 1848లో తిరిగి వెళ్ళిపోయి, ఆ ఏడాది అక్టోబరులోనే డర్హంలో కన్నుమూశాడు. అప్పటికి వయసు 31. రగ్బీలో చదివిన పాత స్నేహితులు ఊరుకోలేదు. చందాలు పోగుచేసి, ఫాక్స్ పేరు మీద నోబుల్ బడిలో ఒక మాస్టరు ఉద్యోగానికి జీతం ఏర్పాటు చేశారు. రగ్బీ ఆటకు పేరిచ్చిన ఆ బడి డబ్బుతో బందరు పిల్లలకు పాఠాలు నడిచాయి.

నోబుల్ సంగతి వేరు. 1843లో బడి తెరిచాడు. పెళ్ళి మాట ఎత్తలేదు, మళ్ళీ ఇంగ్లండు ముఖం చూడలేదు, 1865లో బందరులోనే పోయాడు. ఆయన బడి పెరిగి కాలేజీ అయ్యాక, అందులో చదువుకున్నవాళ్ళలో భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. ఆ ముగ్గురూ కలిసి 1910లో బందరులోనే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. దొరల బడిలో చదివి స్వదేశీ బడి పెట్టడం బందరు వాళ్ళకే చెల్లింది.

నన్నయ తర్వాతి తరం నాటి కట్టడం

ఫాక్స్ నీడ తొక్కిన ఆ డర్హం కేథడ్రల్‌కు 1093లో పునాది వేశారు. 1133 నాటికి ముఖ్యమైన కట్టడం పూర్తయింది. పునాది పడ్డప్పుడు మన దగ్గర ఎవరున్నారు? రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడి కొడుకు కులోత్తుంగ చోళుడు చోళ సింహాసనం మీదున్నాడు. నన్నయ భారతానికి శ్రీకారం చుట్టి ఒక తరం దాటింది. ఇంగ్లండు చరిత్ర తారీకుల్ని ఇలా మన తారీకుల పక్కన పెట్టి చూసుకుంటే తప్ప, వాటి వయసు మన బుర్రకు ఎక్కదు.

డర్హంలో వేర్ నది ఒక రాతి గుట్టను మూడు వైపులా చుట్టి పారుతుంది. గుట్ట మీద ఒక పక్క కోట, ఒక పక్క కేథడ్రల్. 1986లో యునెస్కో ఆ రెంటినీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లండన్ నుంచి రైల్లో సుమారు మూడు గంటల దారి. ఊరు రాగానే రైలు ఎత్తైన వంతెన మీదుగా వెళ్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే ఆ మొదటి చూపుకే సగం డబ్బులు గిట్టుబాటు.

లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు స్తంభాల మీద ఆగిపోతాయి. ఒక్కో లావాటి గుండ్రటి స్తంభం చుట్టుకొలత దాదాపు 22 అడుగులు, ఎత్తూ దాదాపు అంతే. వాటి మీద లోతుగా చెక్కిన గీతలు. ఒకదాని మీద అడ్డదిడ్డంగా మెలికలు, ఇంకోదాని మీద గళ్ళు, మరోదాని మీద తాడు పేనినట్టు పైకి ఎగబాకే చారలు. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. స్తంభం కట్టేశాక చెక్కినవి కావు ఇవి. కిందే ఒక్కో రాయినీ లెక్క ప్రకారం చెక్కి, వరసలో పేర్చుకుంటూ పోయారు. ఒక్క రాయి అటూ ఇటూ అయితే గీత తెగిపోయేది. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి తాపీమేస్త్రికి అంత లెక్క ఉంది.

తల ఎత్తితే రాతి కప్పు. అసలు గొప్పతనం అక్కడే ఉంది. అప్పటిదాకా పెద్ద గుళ్ళకు రాతి కప్పు వెయ్యాలంటే ఎక్కువగా అర్ధచంద్రాకారం కమానే వాడేవారు. దాంతో ఒక చిక్కుంది. వెడల్పు ఎంతో దాంట్లో సగమే ఎత్తు వస్తుంది, మేస్త్రి ఇష్టం చెల్లదు. డర్హం మేస్త్రీలు కమాను కొసను మొనదేల్చారు. దాంతో వెడల్పు ఎంతున్నా ఎత్తు తమ చేతుల్లోకి వచ్చింది. పైగా కప్పు కింద గొడుగు ఊచల్లా రాతి పక్కటెముకలు తీశారు. బరువు ఆ ఊచల వెంట జారి స్తంభాల్లోకి దిగుతుంది. ఊచల మధ్య ఖాళీలో పలచటి రాయి సరిపోతుంది. తర్వాత మూడు నాలుగు వందల ఏళ్ళు యూరప్ అంతా లేచిన ఆకాశమంత చర్చిలకు దారి చూపిన కట్టడాల్లో ఇది ముందు వరసలోది.

తలుపు తట్టితే 37 రోజులు ప్రాణానికి భయం లేదు

ఉత్తరం వైపు తలుపుకు ఒక వింత జంతువు మొహం, దాని నోట్లో పెద్ద కంచు కడియం. నేరం చేసి పారిపోయి వచ్చినవాడు ఎవడైనా దాన్ని పట్టుకుని తలుపు తడితే లోపలికి రానిచ్చేవారు. 37 రోజుల దాకా వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. ఆ గడువు లోపల తేల్చుకోవాలి, విచారణకు ఎదురెళ్ళడమా, దేశం విడిచి పోవడమా అని. ఇప్పుడు తలుపుకు ఉన్నది నకలు. 12వ శతాబ్దపు అసలుది లోపల మ్యూజియంలో భద్రంగా ఉంది. తెలియక చాలామంది నకలు పట్టుకుని ఫొటో దిగి వచ్చేస్తారు.

లోపల పడమటి కొసన నేల మీద ఒక నల్లరాతి గీత కనిపిస్తుంది. సన్యాసులు ఉన్న కాలంలో ఆడవాళ్ళు ఆ గీత దాటి ముందుకు రాకూడదు. అక్కడి పుణ్యపురుషుడు సెయింట్ కత్‌బర్ట్‌కు ఆడవాళ్ళు గిట్టరని ఒక కథ అల్లారు. ఆయన బతికున్నప్పటి సంగతులు చూస్తే అందుకు తగ్గ ఆధారం పెద్దగా కనపడదు. పోయిన పెద్దాయన నోట్లో మాటలు పెట్టడం మనకేమీ కొత్త కాదు కదా!

1650 నాటి కథ మాత్రం కథ కాదు. డన్‌బార్ యుద్ధంలో గెలిచిన ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ పట్టి పంపిన మూడు వేల మంది స్కాట్లండు సిపాయిల్ని ఈ కేథడ్రల్‌లో కుక్కారు. తిండి లేదు, చలిమంటకు పుల్ల లేదు. లోపల ఉన్న చెక్క సామాను యావత్తూ విరిచి మంటేసుకున్నారు. అయినా దాదాపు 1,700 మంది చచ్చిపోయారు. చిత్రం ఏమిటంటే, ఎత్తైన చెక్క గడియారం ఒకటి మాత్రం మిగిలింది. దాని మీద స్కాట్లండు గుర్తయిన ముళ్ళపువ్వు చెక్కి ఉందనీ, అందుకే చెయ్యి రాలేదనీ చెప్పుకుంటారు. చనిపోయినవాళ్ళను ఎక్కడ పూడ్చారో మూడున్నర శతాబ్దాలు ఎవరికీ తెలియలేదు. 2013లో పేలెస్ గ్రీన్ పక్కన విశ్వవిద్యాలయం వాళ్ళు ఏదో కట్టడానికి తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. ఫాక్స్ చదివిన బడి పరిసరాలే అవి.

గడియారం ఇప్పటికీ ఉంది. దాని ముందు నిలబడి ఆ పువ్వు ఎక్కడుందో వెతుక్కోండి, దొరుకుతుంది.

నాలుగడుగుల పునాది మీద 404 అడుగుల శిఖరం

డర్హం వాళ్ళకు రాతి గుట్ట దొరికింది. అందరికీ అంత అదృష్టం ఎక్కడిది? పామర్రు చుట్టుపక్కల ఇల్లు కట్టించినవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. పునాది గొయ్యి తవ్వితే వానాకాలంలో నీళ్ళు ఊరతాయి, వేసవిలో అదే నల్లరేగడి చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. ఇసుక పోసి, రాయి పరిచి, బెల్టు వేసి, అయినా ఏ మూలో గోడ నెర్రె ఇస్తే మేస్త్రిని తిట్టుకుంటాం. ఇంగ్లండులో కొన్ని మహా కేథడ్రల్స్ ఇలాంటి నేల మీదే లేచాయి.

సాల్స్‌బరీ తీసుకోండి. 1220లో మొదలుపెట్టి 1258కి ముఖ్య కట్టడం ముగించారు. మధ్యయుగపు లెక్కల్లో అది మెరుపు వేగం. పునాది లోతు నాలుగు అడుగులు, అంతే! కింద తడి కంకర పొర, నీటిమట్టం చాలా పైనే. ఆ తడి కంకరే బరువంతా మోస్తోంది. నీటిమట్టం మరీ పడిపోకూడదు, మరీ పెరగకూడదు. అందుకే నేల మీద ఒక చిన్న మూత ఉంది. అది తీసి కర్ర ముంచి నీటిమట్టం చూస్తారు, వచ్చినవాళ్ళకు చూపిస్తారు కూడా. మోటారు ఆయిల్ చూసినంత మామూలుగా.

మరి కట్టినవాళ్ళు ఊరుకున్నారా? తర్వాతి శతాబ్దంలో నెత్తిన 404 అడుగుల మొనదేలిన శిఖరం ఎక్కించారు. అదనంగా దాదాపు 6,500 టన్నులు. బ్రిటన్‌లో అంతకంటే ఎత్తైన చర్చి శిఖరం ఈనాటికీ లేదు. మధ్యలో ఉన్న పెద్ద స్తంభాల పక్కన నిలబడి కిందనుంచి పైదాకా చూపు పోనిస్తే, బరువుకు రాయి వంగిన సంగతి ఉత్త కంటికే కనబడుతుంది. రాయి వంగుతుందని అక్కడికి వెళ్ళేదాకా చాలామంది నమ్మరు.

సాల్స్‌బరీ లేస్తున్న కాలంలోనే మన దగ్గర కాకతి గణపతిదేవుడు ఏలుతున్నాడు. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడిని కట్టించింది 1213లో. అక్కడ పునాది గొయ్యిని ఇసుకతో నింపి దాని మీద గుడిని నిలబెట్టారు. శిఖరానికి నీళ్ళ మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. బరువు తగ్గించడం మన మేస్త్రి ఉపాయం, తడి కంకర మీద ధైర్యంగా బరువు పెంచడం వాళ్ళ మేస్త్రి తెగువ. ఎవరు తెలివైనవారంటే, నా ఓటు రామప్పకే. ఇంకో మాట. ఆ గణపతిదేవుడి గజసేనాని జాయప మన దివిసీమ వాడే, నృత్తరత్నావళి రాసినవాడు. సాల్స్‌బరీ రాళ్ళు పేరుస్తున్న శతాబ్దంలో దివి మనిషి నాట్యానికి శాస్త్రం రాశాడు.

చేపలిచ్చి రాళ్ళు కొన్నారు

దివిసీమ వాళ్ళు ఇంగ్లండు వెళ్తే తప్పక చూడాల్సింది ఈలీ. చుట్టూ మైళ్ళ కొద్దీ చిత్తడి, మధ్యలో కాస్త మెరక. అచ్చం లంకే. ఒకప్పుడు పడవే ముఖ్యమైన దారి. అక్కడ మనలాగే రాయి దొరకదు. మనకు బెజవాడ కొండల నుంచి రావాలి, వాళ్ళకు బార్నాక్ గనుల నుంచి రావాలి. ఆ గనులు పీటర్‌బరో మఠం చేతిలో ఉండేవి. ఈలీ సన్యాసులు రాళ్ళకు బదులు ఏడాదికి 8,000 ఈల్ చేపలు, అదే, మన కాలవల్లో పాములా మెలికలు తిరిగే జాతి చేపలు, ఇచ్చే ఒప్పందం చేసుకున్నారు. కొల్లేటి చేపల లారీ ఎక్కించి కొండపల్లి రాయి దింపుకోవడం ఊహించుకోండి. బేరం బాగానే ఉంది.

1322 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఈలీ నడిమి గోపురం కుప్పకూలింది. మళ్ళీ అదే బరువు ఆ నేల మీద పెట్టడానికి భయపడి, ఎనిమిది మూలల చెక్క గోపురం లేపారు. ఒక్కొక్కటి 63 అడుగుల పొడవున్న ఎనిమిది ఓక్ మానుల మీద అది నిలబడింది. కిందనుంచి చూస్తే గాలిలో వేలాడుతున్నట్టుంటుంది. అంత పొడవైన మానుల్ని వెతికి తెచ్చి ఆ చిత్తడి దాకా చేరవేయడమే ఒక పెద్ద కథ అయి ఉంటుంది.

ఆ చిత్తడిని 17వ శతాబ్దంలో ఎండగట్టించినవాడు కార్నీలియస్ వెర్మూయిడెన్ అనే డచ్చి ఇంజినీరు. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే ఇక్కడ బందరులో డచ్చివాళ్ళ గిడ్డంగి మూడు పూలు ఆరు కాయలుగా నడుస్తోంది. నీళ్ళున్న చోటల్లా డచ్చివాడు ఉంటాడు.

చీకటి నీళ్ళలో ఐదేళ్ళు

వించెస్టర్ కేథడ్రల్ కథ నాకు వీటన్నిటికంటే ఇష్టం. 1079లో మొదలుపెట్టారు. తూర్పు కొస మెత్తటి మడ్డి నేల. 13వ శతాబ్దంలో అక్కడ కొత్త భాగం కట్టేటప్పుడు చెట్ల దుంగలు అడ్డంగా పరిచి వాటి మీద గోడలు లేపారు. ఏడు వందల ఏళ్ళకు దుంగలు కుంగాయి. 1900ల మొదట్లో గోడల్లో పగుళ్ళు, కప్పు నుంచి రాలే రాళ్ళు. కింద గట్టి కంకర ఉంది, కానీ అందాక తవ్వగానే గొయ్యి నిండా నీళ్ళు. పంపు పెట్టి తోడితే ఆ నీళ్ళతో పాటు పునాది మట్టి కూడా కొట్టుకొచ్చి గోడలు ఇంకా కూలతాయి.

ఇంజినీర్లు ఒక డైవర్ని పిలిచారు. పేరు విలియం వాకర్. 1906 నుంచి 1911 దాకా రోజుకు ఆరు గంటల పాటు బరువైన డైవింగ్ దుస్తులతో ఆ గోతుల్లోకి దిగాడు. లోతు ఇరవై అడుగుల దాకా. మడ్డి నీళ్ళు కావడంతో దీపం పెట్టినా లాభం లేదు, పనంతా చేతి తడుముడే. కాంక్రీటు సంచులు అడుగున పేర్చి నీటి ఊటను మూసేయడం ఆయన పని. ఊట ఆగాక నీళ్ళు తోడేస్తే, తాపీమేస్త్రీలు దిగి ఇటుక కట్టుబడి లేపేవారు. మొత్తం 25,000 కాంక్రీటు సంచులు, 1,15,000 దిమ్మెలు, 9 లక్షల ఇటుకలు పట్టాయట. ఒక్క మనిషి చేతులు ఒక మహా కట్టడాన్ని నిలబెట్టాయంటే అక్కడ అతిశయోక్తి లేదు. కేథడ్రల్‌లో ఆయన బొమ్మ ఉంది.

ఇప్పటికీ చలికాలపు వానలకు వించెస్టర్ నేలమాళిగలోకి నీళ్ళు వస్తాయి. అక్కడ శిల్పి ఆంటొనీ గోర్మ్‌లీ చేసిన ఒక నిలువెత్తు మనిషి బొమ్మ, దోసిలి పట్టి తల వంచి ఉంటుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో దాన్ని చూడాలంటే చలికాలంలోనే వెళ్ళాలి. వేసవిలో వెళ్తే పొడి నేల మీద మామూలు బొమ్మే.

పెద్దదైతే కేథడ్రల్ కాదు

పెద్ద చర్చిని కేథడ్రల్ అంటారని చాలామంది అనుకుంటారు. సైజుతో పని లేదు. బిషప్ పీఠం ఎక్కడుంటే అది కేథడ్రల్. లండన్‌లో రాజుల పట్టాభిషేకాలు జరిగే వెస్ట్‌మినిస్టర్ ఆబే అంత పెద్దదీ, అంత పాతదీ. అయినా కేథడ్రల్ కాదు. అటు లీసెస్టర్‌లో మామూలు ఊరి చర్చి 1927లో కేథడ్రల్ అయింది. 1485 యుద్ధంలో చచ్చిపోయిన రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో అక్కడ ఒక కార్ల పార్కింగ్ కింద దొరికితే, 2015లో ఆ కేథడ్రల్‌లోనే సకల లాంఛనాలతో ఖననం చేశారు.

మన మెదక్ సంగతీ అంతే. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న తెరుచుకున్నప్పుడు కేథడ్రల్ కాదు. కట్టించింది వెస్లియన్ మెథడిస్టులు, వాళ్ళకు బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్‌కు బిషప్ వచ్చాకే అది కేథడ్రల్ అయింది. 175 అడుగుల గోపురం, లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. కరువు రోజుల్లో కూలికి పని దొరకని జనానికి పదేళ్ళు ఆ కట్టుబడే అన్నం పెట్టింది. ఆసియాలోకెల్లా పెద్దదని బస్టాండ్లో చెబుతారు, ఆ మాట పట్టించుకోకండి. అలాంటి బిరుదు లేకపోయినా దానికి వచ్చిన లోటేమీ లేదు.

అలాంటి బిరుదులు నిలిచేవి కూడా కావు. ఇంగ్లండులోని లింకన్ కేథడ్రల్ శిఖరం 1311లో లేచినప్పుడు ఈజిప్టు పిరమిడ్‌ను దాటి ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన కట్టడం అయిందంటారు. 1548లో అది కూలిపోయింది. మళ్ళీ కట్టలేదు.

డోర్నకల్: బిషప్ మనవాడు, గుడి మన తీరు

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. తిరునెల్వేలి సీమ తమిళుడు, వచ్చి తెలుగు నేలలో డోర్నకల్‌లో స్థిరపడ్డారు. బందరు, గుడివాడ వైపు సంఘాలు కూడా తర్వాత ఆయన ఏలుబడి కిందికే వచ్చాయి.

అజరయ్య కట్టించిన డోర్నకల్ కేథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. ఇంగ్లండు మొనదేలిన శిఖరం నకలు కొట్టడం ఆయనకు ఇష్టం లేదు. గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపంలో ఉండే తీరు స్తంభాలు, వాటి మీద మన మొక్కల ఆకులూ పూలూ. బయటివాడు చూస్తే గుడా, మసీదా, చర్చా అని ఒక్క నిమిషం తడబడతాడు. నా మటుకు నాకు, తెలుగు నేల మీద కట్టిన చర్చిల్లో ఆలోచనకు మొదటి మార్కు డోర్నకల్‌కే, మెదక్‌కు రెండోది.

ఇక మన బందరు

పామర్రు నుంచి నిడుమోలు, గూడూరు మీదుగా గంటలోపే బందరు. అక్కడి సెయింట్ మేరీస్ చర్చి గురించి ఒక ప్రేమకథ నూరేళ్ళకు పైగా నోటి నోటా నడుస్తోంది. కంపెనీ సైన్యంలో మేజర్ జనరల్ జాన్ పేటర్ అనే దొర, అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయిని ప్రేమించాడు. పెళ్ళి కాకుండానే 1809లో ఆమె చనిపోయింది. పవిత్ర భూమిలో పూడ్చడానికి పాదిరీ ఒప్పుకోలేదట. దొరకు పంతం వచ్చింది. తన సొంత స్థలంలో ఆమెను ఖననం చేసి, దాని మీదే చర్చి కట్టించి కంపెనీకి అప్పగించాడట. గాజు పెట్టెలో శవాన్ని చెడకుండా ఉంచాడనీ, మీట తిప్పితే పైకి వచ్చేదనీ కూడా చెబుతారు. ఆ గాజు పెట్టె మాట నేనైతే నమ్మను. చర్చి ఉంది, ఆమె పేరున్న రాయి ఉంది. కథకు ఆ మాత్రం చాలు.

డచ్చి సమాధులు కూడా బందరులోనే చూడాలి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 17వ శతాబ్దపు రాళ్ళు. వంశ చిహ్నాలు, ఇనుప టోపీలు, చుట్టూ లతలు, కింద అక్షరాలు. గమనించి చూస్తే అక్షరాలు రాతిలోకి తవ్వినవి కావు, చుట్టూ రాయి తీసేసి ఉబ్బెత్తుగా నిలిపినవి. ఎండ వాలుగా పడే సాయంత్రం వేళ అవి చదవడానికి తేలిక. మిట్ట మధ్యాహ్నం వెళ్తే అన్నీ ఒకే బూడిద రంగు పలకలు.

ఈ రాళ్ళు ఏం చూశాయో తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం పోటు మట్టం కంటే 13 అడుగులు లేచి, 17 మైళ్ళ దాకా లోపలికి వచ్చింది. బందరు నుంచి పామర్రుకు ఉన్న దూరం కొంచెం అటూ ఇటూగా అంతే. ముప్పై వేల మంది పోయారు. ఆ దెబ్బతో కోటలో సైన్యాన్ని ఎత్తేశారు. నోబుల్ ఆ తుపాను చూసి, మరుసటి ఏడాది పోయాడు. వించెస్టర్‌కు వాకర్ దొరికాడు, సాల్స్‌బరీకి కర్ర ముంచి చూసేవాళ్ళున్నారు. బందరు పాత కట్టడాలకు ఉప్పు గాలీ, చౌడూ, తుపానులూ ఎక్కువ, కనిపెట్టి చూసేవాళ్ళు తక్కువ.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు

చదువుకో, పిల్లల దగ్గరికో ఇంగ్లండు వెళ్ళేవాళ్ళు మన వైపు ఇప్పుడు ఇంటికొకరు. పెద్ద కేథడ్రల్స్ చాలావాటికి టికెట్ ఉంది, మన రూపాయల్లో చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. డర్హంలో మాత్రం ప్రవేశానికి టికెట్ పెట్టలేదు, తోచినంత కానుక వేయమంటారు. గోపురం ఎక్కాలంటే 325 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను కింద కూర్చోబెట్టండి, కూర్చుని చూడటానికి అక్కడ తక్కువేమీ లేదు. హ్యారీ పాటర్ సినిమాల్లో కొన్ని దృశ్యాలు తీసిన వసారా అక్కడే ఉంది. పిల్లలకు ముందే చెబితే మారాం చెయ్యకుండా నడుస్తారు.

ఏ కేథడ్రల్‌కైనా సాయంత్రం ఈవెన్‌సాంగ్ ఆరాధనకు వెళ్తే టికెట్ అడగరు. ముప్పావు గంట సేపు కోయర్ పాడుతుంది, ఏ మతం వాళ్ళయినా వెనక కూర్చుని వినవచ్చు. ఫోన్ జేబులో పెట్టుకోవాలి, మధ్యలో లేచి రాకూడదు. ఆదివారం పొద్దున చూడ్డానికి వెళ్ళకండి, ఆరాధన జరుగుతుంటుంది, తిరగనివ్వరు.

మెదక్ వెళ్ళేవాళ్ళు పొద్దు గూకక ముందే చేరండి. రంగు గాజు కిటికీలకు వెలుగు బయటి నుంచే రావాలి. చీకటి పడ్డాక ఎన్ని లైట్లు వేసినా లోపల్నుంచి ఆ బొమ్మలు కనపడవు.